పాడే బిడ్డను ప్రతీకగా మార్చకండి

గడిచిన జూలై 31న, మహమ్మద్ రఫీ వర్ధంతి సందర్భంగా, మా పట్టణంలోని షాదీఖానాలో ఒక కరోకే సభ జరిపాము. నిర్వహణ భారం మా మిత్రబృందానిదే. ఇషా నమాజు ముగిశాక మొదలుపెట్టి రాత్రి పదింటికి ముగించాలని ముందే నిర్ణయించుకున్నాము. ఒక లాప్‌టాప్, రెండు స్పీకర్లు, రెండు మైకులు, కొన్ని తెల్ల చీటీలు. ఇంతే మా సరంజామా. పాడదలచినవారు చీటీపై తమ పేరు, పాట పేరు రాసి ఇస్తారు. వచ్చిన వరుసలోనే పిలుస్తాము. శ్రుతి అందనివారికి వాద్యం ట్రాకును ఒకటి రెండు మెట్లు తగ్గిస్తాము. మధ్యలో సాహిత్యం తడబడితే పక్కన నిలబడి అందిస్తాము. ఎవరికీ మార్కులు లేవు. ఎవరినీ ఇంటికి పంపేది లేదు.

ఆ రాత్రి పదకొండో చీటీ ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక 13 ఏళ్ళ అమ్మాయిది. తండ్రి బజారులో దర్జీ పని చేస్తాడు. తలకు స్కార్ఫు చుట్టుకొని వచ్చి, కళ్ళు మూసుకొని, రఫీ పాట ఒకటి పాడింది. ముందు వరుసలో కూర్చున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు లేచి, పాత తెలుగు సినిమాలోని రాముడి పాట పేరు చెప్పి, "అది వచ్చునా తల్లీ?" అని అడిగారు. వచ్చునంది, అదీ పాడింది. సభ చప్పట్లు కొట్టింది. అమ్మాయి దిగివచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఆ పాట కథ అక్కడితో ముగియవలసింది.

ముగియలేదు. సభలో ఎవరో సెల్‌ఫోనులో తీసిన దృశ్యం మర్నాటికి పట్టణమంతా తిరిగింది. ఒక వాట్సాప్ గ్రూపులో దాని కింద ఉన్న వ్యాఖ్య, "మన ఆడపిల్లలు ఎటు పోతున్నారు?" మరో గ్రూపులో అదే దృశ్యానికి, "ముస్లింలంటే ఇలా ఉండాలి, మిగతావాళ్ళు చూసి నేర్చుకోవాలి." మొదటిది మనవారు రాసినది. రెండోది మనల్ని మెచ్చుకుంటున్నామనుకున్నవారు రాసినది. రెండింటిలోనూ ఒకే విషయం లోపించింది. ఆ అమ్మాయి ఎలా పాడిందో ఎవరూ రాయలేదు.

వారం తిరగకముందే ఒక టెలివిజన్ పాటల పోటీకి పిల్లలను ఎంపిక చేసే బృందం నుండి ఆ తండ్రికి ఫోను వచ్చింది. పాట గురించి అడిగినది రెండు నిమిషాలు. మిగిలిన ఇరవై నిమిషాలు ఇంటి గురించి. అద్దె ఇల్లా, సొంతమా? తల్లి బురఖా వేసుకుంటుందా? షూటింగుకు అలాగే రాగలదా? "పాప పాడటానికి మీ వాళ్ళెవరూ అడ్డు చెప్పలేదా?" ఈ ఆఖరి ప్రశ్న మూడుసార్లు అడిగారట. లేదని చెప్పినకొద్దీ, "బాగా గుర్తు చేసుకోండి" అన్నారట. తొలి విడతలో భక్తిగీతమే పాడాలని, అది తామే ఎంచి పంపుతామని కూడా చెప్పారట. తరువాత ఇంగ్లీషులో ఉన్న ఒప్పందపత్రం ఫోనుకు వచ్చింది. ఆయన దానిని తీసుకొని మా దగ్గరకు వచ్చారు. "భాయ్‌సాబ్, పాడించింది మీరు. ఇప్పుడేం చేయాలో కూడా మీరే చెప్పండి" అన్నారు.

ఆ మాటకు మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయాము. ఈ వ్యాసం ఆ సమాధానం కోసం చేసిన ఆలోచనే.

ఒక ప్రశ్న వెనుక చరిత్ర

"మీ వాళ్ళెవరూ అడ్డు చెప్పలేదా?" అనేది అమాయకంగా పుట్టిన ప్రశ్న కాదు. దాని వెనుక కొన్ని సంఘటనలున్నాయి.

అస్సాంకు చెందిన నాహిద్ అఫ్రీన్ 2015లో ఇండియన్ ఐడల్ జూనియర్ పోటీలో రెండో స్థానం పొందిన గాయని. 2017 మార్చిలో, ఆమె పదో తరగతి వయసులో ఉండగా, హోజాయ్ జిల్లాలోని లంకా ప్రాంతంలో ఆమె సంగీత కార్యక్రమం ఏర్పాటైంది. మసీదులు, మదరసాలు, ఖబ్రస్తాను ఉన్న పరిసరాలలో సంగీత విభావరులు వద్దంటూ నలభైమందికి పైగా మతపెద్దల పేర్లతో అక్కడ ఒక కరపత్రం వెలువడింది. అందులో ఆమె పేరు లేదు. అది ఫత్వా కూడా కాదు, ప్రజలకు చేసిన విజ్ఞప్తి. అయినా "బాల గాయనిపై ఫత్వా" అనే శీర్షిక ఒక్క రోజులో దేశమంతా పాకింది. ముఖ్యమంత్రి ఆమెకు ఫోను చేసి భద్రతకు హామీ ఇచ్చారు. వాస్తవం ఇదని కొన్ని పత్రికలు తరువాత రాశాయి. కాని సవరణకు శీర్షికకున్న కాళ్ళుండవు. ఈనాటికీ చాలామందికి గుర్తున్నది ఫత్వాయే.

అదే మార్చి నెలలో కర్ణాటకలో మరొకటి జరిగింది. సుహానా సయ్యద్ అనే యువతి హిజాబ్ ధరించి కన్నడ టెలివిజన్ పాటల పోటీలో హిందూ భక్తిగీతం పాడింది. న్యాయనిర్ణేతలు ఆమెను హిందూ ముస్లిం ఐక్యతకు చిహ్నమన్నారు. ఒక ఫేస్‌బుక్ పేజీలో మాత్రం ఆమె పరాయి మగవారి ముందు పాడి సముదాయం పరువు తీసిందని దూషించారు, ఆమె తల్లిదండ్రులను కూడా వదలలేదు. ఇక్కడ పత్రికలు కల్పించినదేమీ లేదు. ఆ దూషణ మనవారి చేతిరాతే.

అంతకు నాలుగేళ్ళ ముందు కశ్మీరులో జరిగినది ఇంకా బాధాకరం. పదో తరగతి చదివే ముగ్గురు ఆడపిల్లలు "ప్రగాశ్" అనే వాద్యబృందం కట్టి, 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో జరిగిన పోటీలో మెప్పు పొందారు. ఆ వెంటనే అంతర్జాలంలో రాయడానికి వీలులేని తిట్లు, బెదిరింపులు వచ్చాయి. 2013 ఫిబ్రవరిలో అక్కడి గ్రాండ్ ముఫ్తీ వారి సంగీతానికి వ్యతిరేకంగా ఫత్వా ఇచ్చారు. పిల్లలు బృందాన్ని రద్దు చేసుకున్నారు. ఇది నిజంగా ఫత్వా. నాహిద్ విషయంలో అబద్ధపు ఫత్వాను ఖండించే హక్కు మనకు ఉండాలంటే, ప్రగాశ్ విషయంలో నిజమైన ఫత్వా ముందు మనం మౌనంగా ఉన్నామని ఒప్పుకోవాలి.

ఈ మూడు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మనలో కొందరు వాట్సాప్‌లో రాసే ఒక్క వాక్యం టెలివిజన్‌కు ముడిసరుకు. అది దొరికితే కార్యక్రమానికి కథ దొరికినట్లే. దొరకకపోతే, దర్జీ తండ్రిని మూడుసార్లు అడిగినట్లు, అడిగి రాబట్టడానికి ప్రయత్నిస్తారు. అంటే బిడ్డను తిట్టేవాడు తాను దీనును కాపాడుతున్నాననుకుంటూ నిజానికి ఆ కార్యక్రమానికి జీతం లేని రచయితగా పనిచేస్తున్నాడు.

ధర్మం పేరిట ఏమి అనవచ్చు, ఏమి అనరాదు

సంగీతం గురించి మేము తీర్పు చెప్పబోము. అది మా అర్హత కాదు. ఉలమాలలో భిన్నాభిప్రాయం ఉందని మాత్రం అందరికీ తెలుసు. నాలుగు మజ్‌హబ్‌లలోనూ అధికసంఖ్యాక పండితులు వాద్యసంగీతాన్ని సమ్మతించలేదు. దేవ్‌బంద్ వైఖరీ అదే. మరోవైపు, 11వ శతాబ్దపు అండలూసియా పండితుడు ఇబ్న్ హజ్మ్ నిషేధానికి ఆధారంగా చూపే హదీసుల ప్రామాణ్యాన్ని అంగీకరించలేదు. ఇమాం గజాలీ తన "ఇహ్యా ఉలూమిద్దీన్"లో సమా గురించి ఒక భాగమే రాశారు. అజ్మీరులో, ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఖవ్వాలీ నేటికీ వినిపిస్తుంది.

ఈద్ రోజున హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు పాడుతుండగా హజ్రత్ అబూబకర్ (రజి) మందలించబోతే, దైవప్రవక్త (స) వారిని పాడనివ్వమన్న సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది. దానిని విస్తృతంగా అన్వయించేవారున్నారు, పండుగకూ బాలికలకూ మాత్రమే పరిమితం చేసేవారూ ఉన్నారు. మేము ఇక్కడ దానిని ప్రస్తావించినది ఏ పక్షాన్నీ గెలిపించడానికి కాదు. పాడుతున్న పిల్లల ఎదుట పెద్దలు ఎలా ప్రవర్తించారో గమనించమని కోరడానికి. అక్కడ మాట మృదువుగా నడిచింది. పిల్లలు అవమానపడలేదు.

కాబట్టి మా విజ్ఞప్తి ఇది. పాట తగదని నమ్మే పండితుడు మింబరు మీద ఆ మాట నిస్సంకోచంగా చెప్పవచ్చు. అది ఆయన హక్కు, ఆయన బాధ్యత కూడా. కాని పేరుపెట్టి, ఫొటో పెట్టి, ఒక బిడ్డను వేలెత్తి చూపడం ఉపదేశం అనిపించుకోదు. చాటున చెప్పవలసిన మంచిమాటను సంతలో అరిస్తే అది అవమానమవుతుంది. అమ్మాయిల పాట అయితే ఒక న్యాయం, అబ్బాయిల పాట అయితే మరో న్యాయం పాటించేవారు తమ మనస్సాక్షిని ఒకసారి అడిగి చూసుకోవాలి. మన పెళ్ళిళ్ళ బరాత్‌లలో బ్యాండు మోగినప్పుడు ఎన్ని గ్రూపులలో ఖండనలు వచ్చాయో గుర్తుచేసుకోవాలి.

పాడే హక్కు, పాడకుండా ఉండే హక్కు

ఆ అమ్మాయి మా సభలో రాముడి పాట తన ఇష్టంతో పాడింది. అడిగినవారు ఆప్యాయంగా అడిగారు. రాదంటే అక్కడితో ఊరుకునేవారు. టెలివిజన్ బృందం చెప్పినది వేరు. తాము ఎంచిన భక్తిగీతమే తొలి విడతలో పాడాలన్నది షరతు. హిందూ పేరున్న పోటీదారును నాతే షరీఫ్ పాడితేనే ప్రవేశమని ఎవరైనా అడుగుతారా? అడగరు, అడగకూడదు కూడా. ఇష్టపడి పాడితే అది కళ, స్నేహం. అర్హతగా పాడమంటే అది విధేయతా పరీక్ష.

పాడకుండా ఉండే హక్కు గురించి ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఎప్పుడో తేల్చి చెప్పింది. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను, జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడినా గొంతు కలపలేదన్న కారణంతో, బడి నుండి పంపేశారు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా పేరుపొందిన ఆ వ్యాజ్యంలో 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన నిలిచింది. రాజ్యాంగం 19వ అధికరణంలోని వాక్‌స్వాతంత్ర్యంలో మౌనానికి చోటుందని, 25వ అధికరణంలోని మనస్సాక్షి స్వేచ్ఛ ఆ పిల్లలకూ వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పునిచ్చినది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. జాతీయగీతం విషయంలోనే పిల్లల మనస్సాక్షికి అంతటి రక్షణ ఉన్నప్పుడు, ఒక వినోద కార్యక్రమం విధించే పాటను సున్నితంగా కాదనడానికి మన బిడ్డ ఎందుకు భయపడాలి? పాడినందుకు ఇంటివారి నింద, పాడనన్నందుకు బయటివారి నింద, రెండూ ఒకే హక్కుపై జరిగే దాడులు.

ఓట్లు లెక్కపెట్టినప్పుడు

"మనవాడు వచ్చాడు, అందరూ ఓటు వేయండి" అనే పిలుపు కూడా మనకు పరిచయమే. ఇది ప్రేమతో చేసే పని. అందులోని ప్రమాదాన్ని కూడా చూడాలి.

2005లో ఫేమ్ గురుకుల్ పోటీలో శ్రీనగర్ యువకుడు ఖాజీ తౌఖీర్ విజేతలలో ఒకడయ్యాడు. అతని గాత్రం గురించి నిపుణుల అభిప్రాయం ఎలా ఉన్నా, కశ్మీరు అతని కోసం ఉప్పొంగింది. 2007లో ఇండియన్ ఐడల్ మూడో సీజన్‌ను డార్జిలింగ్‌కు చెందిన పోలీసు కానిస్టేబుల్ ప్రశాంత్ తమాంగ్ గెలిచాడు. కొండప్రాంతాల గూర్ఖాలు అతని కోసం ఊరూరా ఓట్లు సమీకరించారు. గెలిచాక ఢిల్లీలో ఒక రేడియో వ్యాఖ్యాత గూర్ఖాలను కించపరుస్తూ వేసిన జోకుకు సిలిగురిలో ఘర్షణలు చెలరేగి, కర్ఫ్యూ పెట్టవలసి వచ్చింది. తమకు రాజకీయంగా దక్కని గుర్తింపును ఒక సముదాయం పాటల పోటీలో వెతుక్కోవడం ఎంత సహజమో, ఆ పాడేవాడి భుజాలకు అది ఎంత బరువో ఈ రెండు ఉదాహరణలు చెబుతాయి.

మూడోది మన గుండెకు మరింత దగ్గరది. 2018 జూలైలో ఇండియన్ ఐడల్ పదో సీజన్ మొదలైంది. అదే జూలై 20 రాత్రి, హర్యానాలోని నూహ్ జిల్లాకు చెందిన రక్బర్ ఖాన్ ఆవులను తోలుకొని వెళుతూ రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లాలో మూకదాడికి గురై ప్రాణాలు కోల్పోయాడు. డిసెంబరులో ఆ సీజన్ ముగిసింది. గెలిచినవాడు అదే మేవాత్ ప్రాంతపు సల్మాన్ అలీ. తరతరాలుగా పాటే జీవనమైన మీరాసీ కుటుంబపు బిడ్డ. దేశం నలుమూలల నుండి, అన్ని మతాలవారి నుండి అతనికి ఓట్లు వచ్చి ఉంటాయి. ఆ ప్రేమ అబద్ధమని మేము అనము. కాని మేవాత్ నుండి వచ్చిన గొంతును ఎత్తుకున్న దేశమే, మేవాత్ నుండి వచ్చిన పాలరైతును రోడ్డు మీద కాపాడలేకపోయింది. చప్పట్లు పౌరసత్వ రక్షణకు ప్రత్యామ్నాయం కావు. ఒక సల్మాన్ అలీని చూపించి, "ఇంకేం కావాలి మీకు?" అని అడిగేవారికి మనం చెప్పవలసిన జవాబు ఇదే. పాటకు ఓటు వేసినందుకు కృతజ్ఞతలు. మేము అడుగుతున్నది పాడటం రానివాడికి కూడా దక్కవలసిన భద్రతను.

ఈ నేలకు కొత్త కాదు

ముస్లిం బిడ్డ రామకీర్తన పాడితే అబ్బురపడే టెలివిజన్‌కు తెలుగునేల చరిత్ర తెలియదనుకోవాలి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వర విద్వాంసుడిగా 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో, గోసవీడు షేక్ హసన్‌కు మరణానంతరం 2022లో పద్మశ్రీ లభించింది. వారందరూ నాదస్వరమే ఊపిరిగా బతికినవారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు బిడ్డ షేక్ నాజర్ బుర్రకథను ఆంధ్రదేశమంతటా వినిపించి 1986లో పద్మశ్రీ పొందారు.

వీరిని తలచుకోవడంలో మా ఉద్దేశం "మేమూ మంచివాళ్ళమే" అని రుజువు చూపడం కాదు. వారు ఎవరికీ రుజువులు చూపలేదన్నదే మా మాట. గురువు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్నారు, ఊళ్ళు తిరిగారు, తమ విద్యతో పొట్ట పోసుకున్నారు. విన్నవారు శ్రుతి, లయ, రాగం చూశారు. 2024లో తెలుగు ఇండియన్ ఐడల్ మూడో సీజన్‌ను తాడేపల్లిగూడేనికి చెందిన నసీరుద్దీన్ షేక్ గెలిచినప్పుడు మేమూ సంతోషించాము. ఆ సంతోషం అతని పేరు చూసి కొంత కలిగినదే, దాచుకోము. కాని అతనికి మనం ఇవ్వగల గొప్ప గౌరవం అతనిని గాయకుడిగా వినడం.

టెలివిజన్‌లో అంతా చెడే ఉందని కూడా మేము అనము. 1996లో ఈటీవీలో మొదలైన "పాడుతా తీయగా"లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పిల్లల ఉచ్చారణ దిద్దేవారు, పాట రాసినవారిని, స్వరపరచినవారిని పరిచయం చేసేవారు, తప్పు చెప్పినా బిడ్డ ముఖం చిన్నబోకుండా చెప్పేవారు. ఇంటి కష్టాల ఏడుపు కంటే పాట గురించిన మాట అక్కడ ఎక్కువగా వినిపించేది. అలా చేయవచ్చునని ఒకరు చేసి చూపించారు కనుక, ఇలా మాత్రమే చేయగలమని మిగిలినవారు చెబితే మనం నమ్మనవసరం లేదు.

చట్టం ఏమి చెబుతోంది

ఆ దర్జీ తండ్రి చేతిలోని ఒప్పందపత్రాన్ని మేము ఒక న్యాయవాది మిత్రుడి దగ్గర కూర్చొని వాక్యం వాక్యం చదివించాము. నిర్మాతకు ఎన్ని హక్కులున్నాయో విపులంగా ఉంది. బిడ్డకు ఏమున్నదో లేదు. కాని చట్టంలో ఉంది. ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసినది కనుక వివరంగా రాస్తున్నాము.

బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధిస్తూనే, కళాకారులుగా పాల్గొనడానికి షరతులతో అనుమతించింది. ఆ షరతులు 2017 నియమాలలో ఉన్నాయి. బిడ్డను కార్యక్రమంలో పాల్గొనేలా చేసే నిర్మాత, ఆ పని జరిగే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు అనుమతి ముందుగా తీసుకోవాలి. బిడ్డ రోజుకు 5 గంటలకు మించి పనిచేయరాదు. విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటరాదు. వరుసగా 27 రోజులకు మించి పనిలో ఉంచరాదు. చదువు ఆగకుండా ఏర్పాటు చేయాలి. ప్రతి ఐదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యతగల వ్యక్తి ఉండాలి. బిడ్డ సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆ బిడ్డ పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, బిడ్డ ఇష్టానికీ సమ్మతికీ విరుద్ధంగా ఏ కార్యక్రమంలోనూ పాల్గొనేలా చేయరాదు.

ఈ నియమాలు ఎందుకు అవసరమో తెలియాలంటే గెలిచినవారి తరువాతి కథలు కూడా వినాలి. 2011లో హిందీ సరిగమప లిటిల్ చాంప్స్ గెలిచిన జైపూర్ బాలుడు అజ్మత్ హుస్సేన్, గొంతు మారే వయసులో వచ్చిన విమర్శలు తట్టుకోలేక కొంతకాలం పాటకే దూరమయ్యానని తరువాత మరో పోటీ వేదికపై తానే చెప్పుకున్నాడు. గెలిచిన బిడ్డ సంగతే అది. మొదటి వారంలో వెనుదిరిగిన పిల్లల సంగతి అడిగేవారే లేరు.

నిర్వాహకులుగా మా తప్పు

ఇంతవరకు ఇతరుల గురించి రాశాము. ఇక మా గురించి. ఆ దృశ్యం బయటికి పోవడానికి మొదటి కారణం మేమే. సభ మొదట్లో "ఫోనులు లోపల పెట్టండి, పిల్లల పాటలు చిత్రీకరించకండి" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. తల్లిదండ్రుల అనుమతి అడగాలన్న ఆలోచనే రాలేదు.

కరోకే అనేది జపానులో పుట్టిన ప్రక్రియ. ఆ మాటకు వాద్యబృందం లేని ఖాళీ అని అర్థం. కోబె నగరంలో ఇనోవె దైసుకె అనే వాద్యకారుడు 1971లో దాని తొలి యంత్రాలలో ఒకదాన్ని తయారుచేశాడు, దానికి పేటెంటు తీసుకోలేదు. 2004లో అతనికి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. మనుషులు ఒకరినొకరు సహించడం నేర్చుకోవడానికి కొత్త మార్గం చూపాడని దాని కారణం. అది హాస్యానికి ఇచ్చే బహుమతే. కాని మా షాదీఖానాలో ఆ హాస్యం నిజమవడం చూశాము. శ్రుతి తప్పే కిరాణా వ్యాపారి పాటను ఓర్పుగా విన్నవాడు, తరువాత తన వంతు వచ్చినప్పుడు అదే ఓర్పును అందరి నుండీ పొందుతాడు. మసీదు కమిటీ సభ్యుడూ, గుడి వీధి టీచరూ ఒకే కుర్చీల వరుసలో కూర్చుంటారు. ఎవరూ ఎవరికీ ప్రతీక కారు.

టెలివిజన్ పోటీ వారానికి ఒకరిని తీసివేస్తేనే నడుస్తుంది. కరోకే నిర్వాహకుడి పని అందుకు పూర్తిగా వేరు. ఎక్కిన ప్రతి మనిషినీ మర్యాద చెడకుండా దించడమే అతని విద్య. ఆ విద్యలో మేము ఒక బిడ్డ విషయంలో విఫలమయ్యాము. ఇప్పుడు మా సభలలో మూడు నియమాలు పెట్టుకున్నాము. పిల్లల పాటను ఎవరూ చిత్రీకరించరాదు. ఏ పాట అయినా ఇష్టమైతేనే, వద్దంటే ఎందుకని అడిగేది లేదు. పాడినవారి మతం గురించి వేదికపై మెచ్చుకోలుగా కూడా మాట్లాడరాదు. మూడోది పాటించడం అన్నిటికంటే కష్టమని అనుభవంలో తెలిసింది. మంచి మనసున్నవారే దానిని ఎక్కువగా అతిక్రమిస్తారు.

ఆ తండ్రికి చెప్పినది

చివరకు ఆయనకు వెళ్ళమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ముందు అమ్మాయిని అడగమన్నాము. "వెళ్తాను, కాని అమ్మీని ఏడిపించకూడదు" అందట. మేము నాలుగు ప్రశ్నలు తెలుగులో రాసి ఇచ్చాము. కలెక్టరు అనుమతి తీసుకున్నారా? డిపాజిట్ ఏ బ్యాంకులో వేస్తారు? పాటను బిడ్డ ఎంచుకోవచ్చునా? ఇంటి విషయాలు, మత విషయాలు చూపబోమని రాసి ఇస్తారా? ఆయన వాటిని ఫోనులో చదివి వినిపించారు. కనుక్కొని మళ్ళీ చేస్తామన్నారు. ఇప్పటివరకు చేయలేదు.

ఆ తరువాతి నెల సభకు అమ్మాయి వచ్చింది, చీటీ ఇవ్వలేదు. మేము పలకరిస్తే, "చాచా, మీరు ఆ ప్రశ్నలు రాసి ఇవ్వకపోతే నన్ను పిలిచేవాళ్ళేనా?" అని అడిగింది. బహుశా పిలిచేవారే. ఆ మాట ఆమెకు చెప్పడం మాకు సులభం కాలేదు, అయినా చెప్పాము. న్యాయమైన ప్రశ్న అడిగినందుకు ఒక బిడ్డ అవకాశం పోయిందంటే, తప్పు ప్రశ్నలో లేదు. ఆ ప్రశ్నను ఆమె తండ్రి ఒంటరిగా అడగవలసి రావడంలో ఉంది. ఒక్క దర్జీ అడిగితే జాబితాలో తరువాతి ఇంటికి ఫోను చేస్తారు. ప్రతి ఇల్లూ అడిగితే సమాధానం చెప్పక తప్పదు.

అందుకే ఈ నాలుగు ప్రశ్నలు ముస్లిం తల్లిదండ్రులవి మాత్రమే కాకూడదు. దళిత బిడ్డను పేదరికపు కన్నీటి కథగా, గిరిజన బిడ్డను వింత వేషంగా చూపే కార్యక్రమాలు మనం చూస్తూనే ఉన్నాము. ఆ తల్లిదండ్రులతో కలిసి అడగాలి. రెండు రాష్ట్రాలలోనూ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్లు ఉన్నాయి. పిల్లల పోటీలకు కలెక్టర్ల అనుమతులు నిజంగా తీసుకుంటున్నారా, డిపాజిట్లు వేస్తున్నారా అని ఆ కమిషన్లను లిఖితపూర్వకంగా అడగాలి. మన జమాతులు, యువజన సంఘాలు, న్యాయవాదులు ఇందుకు ముందుకు రావాలని కోరుతున్నాము. మన గ్రూపులలో ఎవరి బిడ్డ పాటైనా వచ్చినప్పుడు, ముందుకు పంపే ముందు ఆ తల్లిదండ్రులను ఒక్క మాట అడగాలని కూడా కోరుతున్నాము.

మా తరువాతి సభ వచ్చే నెల మొదటి శనివారం, అదే షాదీఖానాలో, ఇషా తరువాత. ఆ అమ్మాయి చీటీ ఇస్తుందో లేదో తెలియదు. ఇస్తే, ఆమె వంతు రాగానే పేరు మాత్రమే చదివి పిలుస్తాము.